గ్వాంగ్జౌలో గెలిచిన జత

మా గుంటూరు పిల్లలకు స్కేటింగ్ అంటే స్పీడే. ముందెవరొచ్చారో గడియారం చెప్పేస్తుంది, తల్లిదండ్రులకూ ఇట్టే అర్థమవుతుంది. తెల్లవారుజామున సిమెంటు గచ్చు మీద నేను నేర్పేదీ ఎక్కువగా అదే. నా ప్రాణం మాత్రం ఫిగర్ స్కేటింగ్‌లో ఉంది, అందులోనూ ఇద్దరు కలిసి ఆడే పెయిర్స్‌లో. ఒక తెలుగువాడు ఆ ఆటలో ఆసియా క్రీడల పతకం తెచ్చాడంటే ఇక్కడ చాలామంది నమ్మరు.

తెచ్చాడు. 2010 నవంబరులో చైనాలోని గ్వాంగ్జౌలో. ఆసియా క్రీడల్లోకి రోలర్ స్కేటింగ్ రావడం అదే మొదలు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం గెలిచి, అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో మరో కాంస్యం అందుకున్నాడు. అప్పటికింకా రాష్ట్రం విడిపోలేదు, హైదరాబాదు మనందరి రాజధాని. 2015లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. ఆ రెండు పతకాల్లో నా దృష్టిలో పెయిర్స్‌దే పెద్దది.

ఎందుకో చెప్పాలంటే ఈ ఆట పుట్టుక దగ్గరికి వెళ్లాలి. పెయిర్స్ మొదట మంచు మీది ఆట. తొలి ప్రపంచ పోటీ 1908లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగింది. అదే ఏడు లండన్ ఒలింపిక్స్‌లోనూ పెట్టారు. రెండుచోట్లా జర్మనీ జంట అన్నా హుబ్లర్, హైన్రిక్ బర్గర్ గెలిచారు. ఆడామగా కలిసి పోటీకి దిగడాన్ని ఆ రోజుల్లో కొన్ని దేశాలు ఒప్పుకోలేదు. మంచు లేని ఊళ్లకు దారి చూపించింది చక్రం. 1863లో న్యూయార్కులో జేమ్స్ ప్లింప్టన్ ముందు రెండు, వెనక రెండు చక్రాలను రబ్బరు దిండ్ల మీద బిగించాడు. ఒంటిని ఏ పక్కకు వాలిస్తే స్కేటు ఆ పక్కకు తిరుగుతుంది. వంపులు తిరగడం, ఆకారాలు గీయడం చక్రాల మీద అలా కుదిరింది. 1947లో వాషింగ్టన్‌లో రోలర్ ఫిగర్ స్కేటింగ్‌కు తొలి ప్రపంచ పోటీలు జరిగాయి.

అమ్మాయిని పైకెత్తే లిఫ్టులు, గాల్లోకి విసిరే త్రోలు, చెయ్యి పట్టుకుని నేలకు దాదాపు ఆనించి చుట్టూ తిప్పే డెత్ స్పైరల్, మంచు మీద చేసే ఇవన్నీ చక్రాల మీదా చేస్తారు. కానీ చక్రాల స్కేటు మంచు స్కేటు కన్నా బరువు. అమ్మాయిని తల మీదికి ఎత్తినప్పుడు ఆమె ఒంటి బరువుతో పాటు కాళ్లకున్న ఎనిమిది చక్రాల బరువునూ అబ్బాయి రెండు చేతులే మోయాలి. ఎత్తినవాడు ఆగకుండా గిరగిరా తిరుగుతూనే ఉండాలి. పట్టు జారితే కింద ఉన్నది గచ్చు.

మా గచ్చుతో మాకింకో తంటా ఉంది. పత్తి సీజన్ వచ్చిందంటే గాలికి కొట్టుకొచ్చిన దూది నూగు చక్రాల ఇరుసులకు చుట్టుకుంటుంది. పైకి చక్రం బాగానే కనిపిస్తుంది గానీ తిప్పి చూస్తే నాలుగు చుట్లకే ఆగిపోతుంది. బేరింగు ఎంతని, 22 మిల్లీమీటర్ల బిళ్ల! విప్పి, సూదితో నూగు లాగి, కిరసనాయిలులో కడిగి, ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తాం. మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్లిన రోజున స్పిన్ మధ్యలోనే పిల్లలకు తుమ్ములొస్తాయి.

అయినా మా దగ్గర జతలు తయారుకాకపోవడానికి కారణం గచ్చు కాదు. "మేడం, వేరేవాళ్ల పిల్లాడు మా పాపను ఎత్తుకుని తిప్పడమేంటండీ" అంటారు తల్లులు. వాళ్ల మీద నాకు కోపం రాదు. కోపమంతా ఆట పెద్దల మీద. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగే లేదు. 2018లో జకార్తాలో తిరిగొచ్చినా ఫిగర్ స్కేటింగ్‌ను వదిలేశారు. ఏ పతకం చూపించి ఆ తల్లులను ఒప్పించమంటారు?

ఒక దారి మాత్రం చరిత్రలోనే దొరికింది. తోబుట్టువులు జతకట్టడం ఈ ఆటలో మామూలే. 1962లో కెనడాకు ప్రపంచ టైటిల్ తెచ్చిన మరియా, ఒట్టో జెలినెక్ అన్నాచెల్లెళ్లు. 1984 సరయేవో ఒలింపిక్స్‌లో అమెరికాకు రజతం తెచ్చిన కిట్టీ, పీటర్ కరుథర్స్ కూడా అంతే. అందుకే ఈ ఏడు మా దగ్గరికి వచ్చే ఒక అన్నాచెల్లెళ్లను జతగా దింపాను. వాళ్లమ్మ వెంటనే సరేనంది. లిఫ్టులకు ఇంకా టైముంది. ప్రస్తుతం ఇద్దరూ పక్కపక్కన ఒకే లెక్కకు తిరగడం నేర్చుకుంటున్నారు. పిల్లాడు తొందరపడి ముందే తిరిగేస్తున్నాడు, వాడికి లెక్క అలవాటు చేయాలి.