వాల్‌గ్రిండ్‌లో పదేపదే వచ్చే హెచ్చరికలు: ఎలా ఆపాలి, ఎక్కడ ఆపకూడదు

2008 మే 13న డెబియన్ ప్రాజెక్టు ఒక భద్రతా ప్రకటన విడుదల చేసింది. తమ లినక్స్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ తయారుచేసే రహస్య కీలను ఎవరైనా ఊహించవచ్చని, 2006 సెప్టెంబర్ నుంచి ఆ ప్యాకేజీతో చేసిన కీలన్నీ పారేసి కొత్తవి చేసుకోవాలని దాని సారాంశం. డెబియన్ మీద ఆధారపడిన ఉబుంటు వంటి వ్యవస్థలకూ అదే గతి పట్టింది. సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు, వీపీఎన్ కీలు అన్నీ అనుమానాస్పదమయ్యాయి. సీవీఈ-2008-0166 అనేది ఈ లోపానికి ఇచ్చిన నంబరు.

దీని వెనుక హ్యాకర్ లేడు, గూఢచారి సంస్థా లేదు. వాల్‌గ్రిండ్ అనే డీబగ్గింగ్ టూల్ పదేపదే చూపిస్తున్న ఒక హెచ్చరిక వినపడకుండా చేయడానికి ప్యాకేజీ నిర్వాహకుడొకరు రెండు లైన్ల కోడ్‌ను కామెంట్‌గా మార్చారు. అంతే.

సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లలో వాల్‌గ్రిండ్ వాడినవారికి ఈ చిరాకు కొత్త కాదు. మన పది లైన్ల ప్రోగ్రామ్‌కు తెర నిండా వందల లైన్ల హెచ్చరికలు వస్తాయి. వాటిలో సగం మనవి కావు, మనం వాడే లైబ్రరీలవి. నాన్నా పులి కథ తెలిసిందే కదా, నాలుగు రోజులు అలా అరిస్తే ఐదో రోజు ఎవరూ తల ఎత్తి చూడరు. అందుకే హెచ్చరికలను తగ్గించడం అవసరమైన పనే. ఆ పని ఎక్కడ చేస్తామన్నదే ప్రశ్న. టూల్‌లో చేయాలా, ప్రోగ్రామ్‌లో చేయాలా?

టూల్ ఏం చూస్తుంది

బీజిప్2 రాసిన జూలియన్ స్యూవర్డ్ మొదలుపెట్టిన ఈ టూల్ తొలి పూర్తి విడుదల 2002లో వచ్చింది. పేరు నార్స్ పురాణాల్లోని వల్హల్లా ప్రధాన ద్వారానిది. 'గ్రైండ్' అని పలుకుతుంటారు గానీ 'గ్రిండ్' అనే పలకాలని తయారీదారులే రాసిపెట్టారు. ఇందులో చాలా పరికరాలున్నాయి. మామూలుగా వాల్‌గ్రిండ్ అని మనం అనేది మెమ్‌చెక్‌నే. ప్రోగ్రామ్‌ను నేరుగా ప్రాసెసర్ మీద కాకుండా తన చేతుల మీదుగా నడిపిస్తూ, మెమరీలో ప్రతి బిట్‌కూ విలువ ఇచ్చారా లేదా, ప్రతి బైట్‌నూ వాడే హక్కు ఉందా లేదా అని లెక్క రాసుకుంటుంది. అందుకే ప్రోగ్రామ్ 10 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది.

విలువ ఇవ్వని మెమరీని కేవలం ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేస్తే మెమ్‌చెక్ ఏమీ అనదు. ఆ విలువ మీద ఆధారపడి ప్రోగ్రామ్ ఒక దారి ఎంచుకున్నప్పుడు, లేదా దాన్ని అడ్రసుగా వాడినప్పుడు, లేదా సిస్టమ్ కాల్‌కు ఇచ్చినప్పుడు మాత్రమే అరుస్తుంది. మంచి నిర్ణయమే. కానీ దీనివల్ల తప్పు పుట్టిన చోటు ఒకటి, హెచ్చరిక కనిపించే చోటు మరొకటి అవుతుంది. పుట్టిన చోటు ఒక్కటే అయినా అది పాకిన ప్రతిచోటా ఒక్కో హెచ్చరిక రావచ్చు.

పునరావృతాన్ని టూలే ఎంతవరకు ఆపుతుంది

లూప్‌లో ఒకే తప్పు లక్షసార్లు జరిగితే మెమ్‌చెక్ లక్షసార్లు చెప్పదు. ఒకసారి చూపించి, తర్వాత వచ్చేవాటిని లెక్కలో కలుపుకుంటుంది. చివర్లో వచ్చే ఎర్రర్ సమ్మరీలో 'ఇన్ని ఎర్రర్లు, ఇన్ని సందర్భాల నుంచి' అని రెండు అంకెలుంటాయి. పని చేయాల్సింది రెండో అంకె మీద. మొదటిది భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదని నా అభిప్రాయం.

రెండు ఎర్రర్లు ఒకటేనా కాదా అని తేల్చడానికి స్టాక్ ట్రేస్‌లో పై నాలుగు స్థానాలనే పోలుస్తుంది. అంటే తప్పు జరిగిన ఫంక్షన్, దాన్ని పిలిచిన మూడు తరాలు. తెర మీద మామూలుగా 12 స్థానాల వరకు కనిపిస్తాయి కాబట్టి ఆ సంఖ్య పెంచితే ఎర్రర్లు కూడా పెరుగుతాయేమో అనుకుంటారు. పెరగవు. కానీ ఒకే లైబ్రరీ ఫంక్షన్‌ను మీరు యాభై వేర్వేరు చోట్ల నుంచి పిలిస్తే అవి యాభై సందర్భాలు కావచ్చు.

దీనికి ఒక పరిమితి కూడా ఉంది. వేర్వేరు ఎర్రర్లు 1,000 దాటినా, మొత్తం 1,00,00,000 దాటినా ఇక చూపించడం మానేస్తుంది. మానేస్తూ 'పోయి మీ ప్రోగ్రామ్ బాగుచేసుకోండి' అన్న అర్థంలో ఒక చివాటు కూడా పెడుతుంది. నవ్వొస్తుంది గానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. లైబ్రరీల సొద ముందే ఆ వెయ్యి నింపేస్తే, ప్రోగ్రామ్ చివర్లో ఉన్న మీ అసలు తప్పు తెర మీదికే రాదు. ఎర్రర్-లిమిట్ ఆప్షన్‌ను 'నో' అని పెట్టి పరిమితి తీసేయవచ్చు. అంతకంటే సొదను సప్రెషన్‌తో తీసేయడం మేలు, ఎందుకంటే సప్రెస్ చేసినవి ఆ వెయ్యిలో లెక్కకు రావు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. హెచ్చరికలను వచ్చిన వరుసలోనే, మొదటిదాని నుంచి సరిచేయాలి. వెనకవి చాలావరకు ముందువాటి పిల్లలు. మెమరీ లీకుల్లోనూ ఇంతే. 'డెఫినిట్లీ లాస్ట్' అని వచ్చిన ఒక చెట్టు వేరును సరిచేస్తే, 'ఇన్‌డైరెక్ట్లీ లాస్ట్' అని కనిపించే దాని కొమ్మలన్నీ వాటంతటవే పోతాయి.

సప్రెషన్ ఫైలు

సప్రెషన్ అంటే 'ఈ రకం ఎర్రర్, ఈ దారిలో వస్తే నాకు చూపించకు' అని టూల్‌కు రాసిచ్చే చీటీ. మామూలు టెక్స్ట్ ఫైలు. ఒక్కో సప్రెషన్ మీసాల బ్రాకెట్ల మధ్య ఉంటుంది. మొదటి లైను దాని పేరు. రెండో లైనులో టూల్ పేరు, ఎర్రర్ రకం ఉంటాయి. 'మెమ్‌చెక్: కాండ్' అంటే విలువ ఇవ్వని డేటా మీద ఆధారపడిన నిర్ణయం, 'మెమ్‌చెక్: లీక్' అంటే లీకు. ఆ కింద స్టాక్ ట్రేస్ పైనుంచి కిందికి. ఫంక్షన్ పేరైతే 'ఫన్' అని, లైబ్రరీ ఫైలైతే 'ఓబీజే' అని మొదలవుతుంది. పేర్లలో నక్షత్రం, ప్రశ్నార్థకం వంటి గుర్తులూ పనిచేస్తాయి. మూడు చుక్కలు పెడితే మధ్యలో ఎన్ని ఫంక్షన్లున్నా ఫర్వాలేదని అర్థం.

ఇది చేత్తో రాయనక్కర్లేదు. జెన్-సప్రెషన్స్ ఆప్షన్‌కు 'యెస్' ఇస్తే ప్రతి ఎర్రర్ దగ్గరా ఆగి, సప్రెషన్ ముద్రించమంటారా అని అడుగుతుంది. 'ఆల్' ఇస్తే అడక్కుండా అన్నిటికీ ముద్రిస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. 'ఆల్'తో వచ్చినదంతా ఎత్తి ఫైల్లో పడేస్తారు. పేరు ఉండాల్సిన చోట 'ఇక్కడ సప్రెషన్ పేరు రాయండి' అని టూల్ వదిలిన ఇంగ్లిష్ వాక్యం అలాగే ఉండిపోతుంది. అలాంటి ఫైలు తెరిచి చూస్తే, ఎవరు, ఎందుకు, ఏ వెర్షన్ లైబ్రరీ కోసం పెట్టారో చెప్పే దిక్కుండదు. పేరు లైన్లో లైబ్రరీ పేరు, వెర్షన్, కారణం రాయడానికి అర నిమిషం పడుతుంది. సంఖ్య గుర్తుతో మొదలయ్యే లైన్లను టూల్ పట్టించుకోదు కాబట్టి అక్కడ రెండు ముక్కలు ఎక్కువే రాయవచ్చు.

రెండో పొరపాటు ఇంకా ప్రమాదకరం. 'ఆ లైబ్రరీలోంచి ఏదొచ్చినా వద్దు' అని ఓబీజే లైనుతో గంపగుత్తగా రాయడం. మీరు విలువ ఇవ్వడం మరిచిపోయిన ఒక బఫర్‌ను ఆ లైబ్రరీ ఫంక్షన్‌కు ఇచ్చారనుకోండి. దాన్ని చదివేది లైబ్రరీ, కాబట్టి హెచ్చరిక స్టాక్ ట్రేస్‌లో పైన కనిపించేది లైబ్రరీ పేరే. తప్పు మాత్రం మీది. మీ గంపగుత్త సప్రెషన్ దాన్ని మింగేస్తుంది. అందుకే ఫంక్షన్ పేర్లు వీలైనన్ని ఉంచాలి. మూడు చుక్కలు మధ్యలో వాడినా, కింద ఏ దారిలో వచ్చిందో ఒక ఫంక్షన్ పేరైనా మిగలాలి. లీక్ అని రాసి కింద మూడు చుక్కలు మాత్రమే పెట్టడమంటే ప్రపంచంలోని లీకులన్నిటినీ క్షమించడం.

సప్రెస్ చేసినవాటిని టూల్ పూర్తిగా మరిచిపోదు. సమ్మరీ చివర ఎన్ని అణచిందో చెబుతుంది. పాత వెర్షన్లలో 'వీ', కొత్తవాటిలో 'ఎస్' ఆప్షన్ ఇస్తే ఏ సప్రెషన్ ఎన్నిసార్లు పనిచేసిందో పేరుతో సహా చూపిస్తుంది. లైబ్రరీ మారినప్పుడల్లా ఒకసారి ఆ జాబితా చూసి, అందులో కనిపించని సప్రెషన్లను ఫైలు నుంచి తీసేయవచ్చు. ఆటోమేటిక్ టెస్టుల్లో నడిపేవారు ఎర్రర్-ఎగ్జిట్‌కోడ్ ఆప్షన్ మరవకూడదు. అది లేకపోతే ప్రోగ్రామ్ తన ఎగ్జిట్ కోడ్‌నే ఇస్తుంది కాబట్టి ఎర్రర్లున్నా టెస్టు పచ్చగానే కనిపిస్తుంది.

కొన్ని ప్రాజెక్టులు తమ సప్రెషన్లను తామే ఇస్తాయి. పైథాన్ సోర్స్‌లో అలాంటి ఫైలు ఉంది, ఎందుకంటే దాని సొంత మెమరీ పంపిణీ పద్ధతి చూసి మెమ్‌చెక్ పొరబడుతుంది. సీ లైబ్రరీ వంటివాటి కోసం వాల్‌గ్రిండ్‌తోనే ఒక డిఫాల్ట్ ఫైలు వస్తుంది.

డెబియన్‌లో జరిగింది

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో యాదృచ్ఛిక సంఖ్యల కోసం ఒక కొలను వంటి మెమరీ ఉండేది. బయటి నుంచి వచ్చే అనూహ్యమైన డేటాను అందులో కలపడానికి ఒక ఫంక్షన్, అందులోంచి సంఖ్యలు తోడివ్వడానికి మరో ఫంక్షన్. రెండింటిలోనూ అచ్చం ఒకేలా కనిపించే లైను ఒకటి ఉంది. ఇచ్చిన బఫర్‌ను కొలనులో కలిపే లైను అది.

తోడే ఫంక్షన్‌లో ఆ లైను చేసేది అదనపు పని. అడిగినవారి బఫర్‌లో ముందునుంచీ ఉన్న చెత్తను కూడా కలుపుతుంది, పోతే పోనీ అన్నట్టు. అది తీసేసినా నష్టం లేదు. మెమరీ తనిఖీ టూళ్లు దీనికి గోల చేస్తాయని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌వారికీ తెలుసు. ప్యూరిఫై అనే పాత టూల్ పేరుతో ఒక కంపైల్ షరతు పెట్టి, కావాలంటే ఆ లైను తీసేసే వీలు కల్పించారు.

కలిపే ఫంక్షన్‌లోని లైను అలాంటిది కాదు. సిస్టమ్ ఇచ్చే అసలైన యాదృచ్ఛికత లోపలికి వచ్చే ద్వారమే అది. అక్కడికి వచ్చే బఫర్లలో కొన్నిసార్లు విలువ ఇవ్వని బైట్లు ఉండేవి. అవి కొలనులో కలిసేవి. కొలనులోంచి వచ్చిన ప్రతి సంఖ్యకూ, ఆ సంఖ్యతో చేసిన ప్రతి కీకీ ఆ మచ్చ అంటేది. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాడే ఏ ప్రోగ్రామ్‌ను వాల్‌గ్రిండ్ కింద నడిపినా, ప్రోగ్రామ్ అంతటా ఎక్కడెక్కడో హెచ్చరికలు. సందర్భాలు వేర్వేరు కాబట్టి టూల్ వాటిని ఒకటిగా కలపలేదు. విసుగెత్తిన డెవలపర్లు ఫిర్యాదు చేయడంలో ఆశ్చర్యం లేదు.

మచ్చ పుట్టిన చోటు చూపించే ట్రాక్-ఆరిజిన్స్ ఆప్షన్ అప్పటికింకా లేదు, అది 2009 జనవరిలో 3.4.0 వెర్షన్‌తో వచ్చింది. నిర్వాహకుడు 2006లో మూలాన్ని వెతికి ఆ రెండు లైన్లనూ గుర్తించారు. అక్కడివరకు పని సరైనదే. తీసేయవచ్చా అని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవలపర్ల మెయిలింగ్ లిస్టులో అడిగారు కూడా. వద్దని గట్టిగా ఆపినవారు లేరు. కాబట్టి నింద అంతా ఆయన ఒక్కరి మీద వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

రెండు లైన్లూ పోయాయి. హెచ్చరికలు ఆగాయి. టెస్టులు ఫెయిల్ కాలేదు, కీలు తయారవుతూనే ఉన్నాయి. కానీ కొలనులోకి చేరే మారుడు విలువ ప్రాసెస్ నంబరు ఒక్కటే మిగిలింది. లినక్స్‌లో అప్పటి సాధారణ గరిష్ఠ పరిమితి 32,768. అంటే ఒక్కో రకం ప్రాసెసర్ మీద, ఒక్కో రకం కీకి, ఒక్కో సైజుకు దాదాపు అన్నే కీలు సాధ్యం. అవన్నీ ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటిగా తాళంలో పెట్టి చూడటం పెద్ద పనేమీ కాదు. దాదాపు 20 నెలలు ఎవరూ గమనించలేదు. డీఎస్‌ఏ రకం కీల విషయంలో ఇంకా ఘోరం. వేరే మంచి యంత్రంలో చేసిన కీ అయినా సరే, లోపమున్న యంత్రంలో సంతకానికి వాడితే చాలు, అదీ బయటపడినట్టే.

సరైన దారులు అప్పటికే ఉన్నాయి. డీబగ్గింగ్ కోసం వేరే బిల్డ్ చేసుకుని అందులో ప్యూరిఫై షరతు పెట్టుకుంటే తోడే వైపు గోల తగ్గేది. కలిపే వైపు, ఆ బఫర్‌కు విలువ ఉన్నట్టే భావించమని టూల్‌కు చెప్పే క్లయింట్ రిక్వెస్ట్ అనే మాక్రో వాల్‌గ్రిండ్ ఇస్తుంది. మామూలుగా నడిపినప్పుడు దాని ప్రభావం ఏమీ ఉండదు, ఒక్క బైటు కూడా మారదు. మచ్చ ఒకేచోట పుట్టి అంతటా పాకే సందర్భాల్లో సప్రెషన్ ఫైలు కంటే ఇదే మెరుగు, ఎందుకంటే పాకిన ప్రతి దారికీ సప్రెషన్ రాయడం అయ్యేపని కాదు.

ఇతర టూళ్లు

ఇప్పుడు చాలామంది వాడే అడ్రస్ శానిటైజర్ ఈ సమస్యను మరోలా చూస్తుంది. మొదటి తప్పు దగ్గరే ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది, సరిచేస్తే గాని ముందుకు పోనివ్వదు. దాని తోడైన లీక్ శానిటైజర్‌కు మాత్రం సప్రెషన్ ఫైలు ఇవ్వవచ్చు. లినక్స్ కెర్నల్‌లో ఒక హెచ్చరికను ఒకేసారి చూపించే మాక్రోలు, సందేశాల వేగాన్ని తగ్గించే ఏర్పాట్లు ఉన్నాయి. మామూలు అమరికలో 5 సెకన్లకు 10 సందేశాలు దాటితే మిగిలినవి ఆపి, ఎన్ని ఆపిందో లాగ్‌లో రాస్తుంది.

డెబియన్ లోపం బయటపడ్డాక బలహీనమైన కీల జాబితా ప్యాకేజీగా వచ్చింది. మీ దగ్గరున్న కీ అందులో ఉందో లేదో చూసే ఎస్‌ఎస్‌హెచ్-వల్న్‌కీ అనే టూలూ వచ్చింది. అయినా 2015లో, అంటే ఏడేళ్ల తర్వాత, గిట్‌హబ్ ఖాతాలకు తగిలించిన ఎస్‌ఎస్‌హెచ్ కీలను ఒక పరిశోధకుడు పరిశీలిస్తే వాటిలో ఆ పాత డెబియన్ కీలు ఇంకా కనిపించాయి. గిట్‌హబ్ వాటిని రద్దు చేసింది.