సూర్యతాపముతో యంత్రము

మన నెల్లూరు తీరమున ఇస్కపల్లి మొదలగు చోట్ల ఉప్పు పండించువారికి ఎండ విలువ నేను చెప్పవలసిన పని లేదు. మడిలో పెట్టిన సముద్రజలము ఆవిరియై పోవును, ఉప్పు నిలుచును. కట్టె అక్కరలేదు, బొగ్గు అక్కరలేదు. కాని యంత్రము త్రిప్పుటకు ఆ వేడిమి చాలదు. చెదరియున్న కిరణములను ఒక్కచోట చేర్చవలెను. సూర్యకిరణము సోకినంతనే నిప్పు గ్రక్కు సూర్యకాంతమణిని గూర్చి కావ్యములలో చదువుకొంటిమి గదా! ఆ మణిని నేను చూడలేదు గాని, దాని పని చేయు అద్దములను అనంతపురము జిల్లా నాగలాపురమున చూచితిని.

ఈ యూహ క్రొత్తది కాదు. 1913లో ఫ్రాంక్ షూమన్ అను అమెరికా దేశీయుడు ఈజిప్టులో కైరో నగరము చెంత మాదీ అను నూర, దోనెలవంటి అద్దములను ఐదింటిని నిలిపెను. ఒక్కొక్కటి 200 అడుగుల పొడవు. వాని నడిమి గొట్టములలో పుట్టిన ఆవిరి యంత్రమును నడపి, నైలునది నీటిని ప్రత్తిచేలకు తోడెను. మరుసటి యేడే మహాయుద్ధము వచ్చెను, యంత్రము మూలబడెను. 1918లో షూమన్ గతించెను. పిమ్మట నేలనూనె చౌకగా దొరకుటచే లోకము ఆ దోనెలను మఱచినది. పని చేయని యంత్రమును విడుచుట న్యాయమే. పని చేసినదానిని విడుచుట నాకు వింతగా తోచును.

నాగలాపురపు కేంద్రము 2014లో ఆరంభమైనది. శక్తి 50 మెగావాట్లు. దోనె యద్దములు బారులు తీరి సూర్యునితోపాటు తూర్పునుండి పడమటికి తిరుగును. గొట్టములో పాఱునది నీరు కాదు, నూనె. 400 డిగ్రీలకు చేరువగా కాగిన ఆ నూనె నీటిని ఆవిరిచేయగా, ఆ యావిరి చక్రమును త్రిప్పి విద్యుత్తు పుట్టించును.

ఇట్టిది మన తీరమున నేల లేదని యడుగవచ్చును. సూటిగా వచ్చు కిరణమే యద్దమునకు పనికివచ్చును; సముద్రపు తేమయు మబ్బును దానిని చెదరగొట్టును. ఎండ మెండుగా గల అనంతపురమునకో నీటి కఱవు. అద్దములపై దుమ్ము కడుగుటకైనను నీరు కావలెను గదా! కావుననే కృష్ణపట్టణము చెంత బొగ్గు కాల్చుచున్నాము. అచ్చటి దామోదరం సంజీవయ్య కేంద్రములో ఒక్కొక్క యంత్రము 800 మెగావాట్లది. నాగలాపురములు పదునాఱు కూడినగాని దాని సాటి రావు. ఇటీవల సౌరఫలకములు మిక్కిలి చౌకయగుటచే ఈ దోనెలకు గిరాకి తగ్గినది.

అయినను ఈ దోనెల కొక సుగుణము గలదు. కాగిన వేడిమిని దాచుకొనవచ్చును. స్పెయిను దేశమున 2008లో ఆరంభమైన అందసోల్ కేంద్రమున పెట్లుప్పు జాతి లవణములను కరగించి, పగటి వేడిమిని వానిలో నిలువచేసి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట సుమారు ఏడు గంటలు యంత్రము నడుపగలిగిరి.