మా మావయ్య చెయ్యి, బోస్టన్ చెయ్యి

మా పెద్ద మావయ్య కుడి చెయ్యి మోచేతి పైదాకా చెరకు మరలో పోయింది. నేనప్పుడు ఆరో క్లాసు. ఆసుపత్రి వాళ్ళు ఓ ప్లాస్టిక్ చెయ్యి ఇచ్చారు. పెళ్ళిళ్ళకి తగిలించుకునేవాడు, మిగతా రోజుల్లో అది వసారాలో మేకుకి వేళ్ళాడేది. ఎందుకు మావయ్యా అంటే, "దీనికి చెంబు తగిలిస్తే నిండుదో ఖాళీదో తెలీదురా" అన్నాడు.

చాలా ఏళ్ళకి కన్సల్టింగ్ పని మీద బోస్టన్‌లో ఉన్నాను. ఛార్లెస్ నదికి ఇటు క్లయింటు ఆఫీసు, అటు ఎం.ఐ.టి. సాయంత్రం వంతెన మీద నడుస్తుంటే ఆ మాట గుర్తొచ్చేది. ఎందుకంటే ఆ నదికి రెండు పక్కలా ఉన్నవాళ్ళు కలిసి ఓ చెయ్యి చేశారు.

కథ ఓ విరిగిన ఎముకతో మొదలైంది. 1961లో నార్బర్ట్ వీనర్ పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. సైబర్నెటిక్స్ అనే మాటకి ప్రాణం పోసిన గణితజ్ఞుడు ఈయనే. తెగిన చేతిలో మిగిలిన కండరాల సంకేతాలతో కృత్రిమ చేతిని నడపొచ్చని ఆయన ఎప్పట్నించో చెబుతున్నాడు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో మంచం మీద ఉండి, ఎముకల డాక్టరు మెల్విన్ గ్లిమ్చర్‌కీ అదే చెప్పాడు. గ్లిమ్చర్ విని ఊరుకోలేదు. ఎం.ఐ.టి.లో ఎలక్ట్రికల్ వైపు నించి అమర్ బోస్, మెకానికల్ వైపు నించి రాబర్ట్ మాన్ వచ్చి చేరారు. (అవును, మనవాళ్ళు హాల్లో ముచ్చటపడి పెట్టుకునే స్పీకర్ల బోసే. తండ్రి కలకత్తా నించి వచ్చిన స్వాతంత్ర్య యోధుడు.) డబ్బు లిబర్టీ మ్యూచువల్ అనే బీమా కంపెనీ పెట్టింది. కార్మికుడి చెయ్యి తెగితే పరిహారం కట్టేది వాళ్ళే కదా, లెక్క బాగానే తెలుసు.

మాన్ అంతకుముందు క్షిపణుల్లో వాడే శక్తి యంత్రాల మీద పనిచేసినవాడు. తర్వాత చూపులేనివాళ్ళకి బ్రెయిలీ యంత్రాల మీదా పనిచేశాడు. నాకు నచ్చింది మాత్రం ఆయన విద్యార్థి రొనాల్డ్ రాత్‌చైల్డ్ చేసిన పని. కండరం బిగిస్తే చర్మం మీద వోల్టులో వెయ్యో వంతు మోతాదు కరెంటు పుడుతుంది. ముందు కండ బిగిస్తే మోచెయ్యి మడవాలి, వెనక కండ బిగిస్తే చాచాలి. ఎంత గట్టిగా బిగిస్తే అంత వేగం. ఇంతవరకూ ఎలక్ట్రానిక్సే. కానీ చెయ్యి మోసే బరువెంతో తెలుసుకోవడానికి యంత్రంలోనే స్ట్రెయిన్ గేజిలు అతికించారు. ఒత్తిడికి లోహం వీసమెత్తు సాగినా పసిగట్టే పలచటి తీగలవి. ఆ బరువు సంకేతాన్ని కండరం సంకేతంలోంచి తీసేస్తారు. మా ప్రోగ్రామర్ల భాషలో ఒక్క మైనస్ గుర్తు! దాంతో బరువు పెరిగితే మనిషి కండని ఇంకా గట్టిగా బిగించాలి. ఆ శ్రమ వల్లే చెంబు నిండుగా ఉందని తెలుస్తుంది.

రాత్‌చైల్డ్, మాన్ ఆ మోచేతి గురించి 1966లో పేపరు రాశారు. 1968లో ఆసుపత్రిలో విలేకరులకి చూపించారు. వీనర్ చూడలేదు, 1964లో స్టాక్‌హోమ్‌లో పోయాడు. పేరు మటుకు ఎక్కువగా ఆయనకే వచ్చింది. ఆలోచన పాతదే, దానికి బరువు తెలిసేలా చేసిన కుర్రాణ్ణి ఎవరు తలుచుకుంటారు?

చెయ్యి మార్కెట్లోకి వచ్చింది గానీ ఇంటింటికీ రాలేదు. ఖరీదు, బరువు, బ్యాటరీ. భుజంతో తీగ లాగితే కదిలే పాత కొక్కెమే నయమన్నవాళ్ళున్నారు, ఆ తీగ బిగువులోనే వాళ్ళకి బరువు తెలిసేది. 1984లో అమెరికా కాంగ్రెసు వారి టెక్నాలజీ అంచనా సంస్థ ఈ మోచేతి మీదే ప్రత్యేకంగా ఓ నివేదిక వేసింది.

ఇదంతా ఓ ఆదివారం మావయ్యకి ఫోన్లో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మైనస్ గుర్తు సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"బాగుందిరా. మరి పొలంలో ఉండగా బ్యాటరీ అయిపోతే?"