కఱవును దాటించు నాహారము



మన తంబళ్లపల్లె ప్రాంతమున చెట్టు నాటుట కష్టము గాదు. దానిని రెండు కఱవులు దాటించుట కష్టము. నేల యెఱ్ఱనిది, అడుగున రాయి. పడిన వాన నిలువదు. మదనపల్లె తాలూకా కడప జిల్లాలో నుండిన కాలమున, 1876 మొదలు 1878 వఱకు మన పూర్వు లనుభవించిన ధాత కఱవు కథలను ముసలివారి నోట నేను బాల్యమున వింటిని.

నీరులేమిచే చెట్టు చచ్చునని యెల్లరు నెఱుగుదురు. కాని యొక్కవానకే తడిసిన రెండు తోపులలో నొకటి మ్రోడై, వేఱొకటి చిగిర్చి నిలుచుటయు మీరు చూచియే యుందురు. నేల లోతు మొదలగు కారణములు పెక్కులు గలవు గాని, వానిలో మన చేతనున్న కారణము చెట్టునకు పెట్టు నాహారము.

ఇది నిన్నటి యూహ గాదు. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు వృక్షాయుర్వేదమున కొక యధ్యాయమునే వ్రాసెను. తోటవేయు నేలలో ముందు నువ్వులు చల్లి, పూచినపిమ్మట నక్కడనే త్రొక్కివేయవలెనట. నేటి పచ్చిరొట్ట యెరువు అదియే గదా! మేకల గొఱ్ఱెల పెంటికలు, నువ్వులు, పేలపిండి నీట నేడు రాత్రులు నానవైచి పోయవలెననియు కలదు. ఆ యోగమున మాంసమును జేరియున్నది. నాకు పాఠము చెప్పిన గురువుగారు ఆ పదమును వేగముగా దాటిపోయెడివారు.

మన రైతులు సంస్కృతము చదువకయే చేలలో గొఱ్ఱెల మందలు కట్టించిరి. చెఱువులెండిన వేసవిలో నడుగుమట్టి బండ్లతో తోలిరి. మా తండ్రిగారు చింతచెట్ల మొదళ్లకు మట్టి తోలించుచుండగా, పిల్లవాడనైన నేను "దీనికి వాన చాలదా?" యని యడిగితిని. "వాన నిలుచుటకే యీ మట్టి" యని వారనిరి. బంకమట్టి తేమను పట్టియుంచు ననుట శాస్త్రసమ్మతమే.

అయితే పేడ పొలమునకు చేరక పొయ్యిలో కాలిపోవుచుండెను. 1889లో నీ దేశమునకు వచ్చిన వోల్కరు దొర, 1893లో ప్రకటించిన తన నివేదికలో నీ సంగతినే నొక్కి చెప్పెను. వంటచెఱకునకై చెట్లు పెంచినచో పేడ నేలకు మిగులునని యాతని సూచన. చెట్టు పేడను మిగుల్చును, పేడ చెట్టును నిలుపును!

జర్మనీ పండితుడు లీబిగు 1840లో ప్రకటించిన గ్రంథమున, మొక్కకు నేలనుండి లవణములు కావలెనని ప్రతిపాదించెను. వానిలో పొటాషు పని వింతయైనది. ఆకున కంటి కగపడని రంధ్రములు వేలకొలది గలవు. ఒక్కొక్కదానికి రెండు రక్షక కణములు ద్వారపాలకులు. పొటాషు లోనికి వచ్చినచో నవి యుబ్బి తలుపు తెఱచుకొనును, వెడలినచో మూసికొనును. ఆ కణములలో పొటాషు చేరుటను జపాను శాస్త్రజ్ఞుడు ఇమామురా 1943లో గమనించెను. పొటాషు చాలని చెట్టు తలుపు వేళకు మూయజాలక, ఉన్న తేమను గాలిపాలు చేసికొనును. భాస్వరము వేళ్లు పెరుగుటకు తోడ్పడును; వేరు లోతునకు పోయినకొలది చెట్టునకు తేమ యందును.

ఇక నత్రజని సంగతి జాగ్రత్తగా వినుడు. యూరియా వేసిన చెట్టు నల్లగా గుబురెక్కి కంటి కింపుగా నుండును. ఆకు పెరిగినకొలది నీటి ఖర్చును పెరుగును. వానలు వెనుకబట్టుచున్న కాలమున దీనిని మితిమీరి వేయుట యప్పుచేసి విందుచేయుటయే. ఇట్లు చెడిన మామిడితోట నొకదానిని నే నెఱుగుదును. పైగా, ఎండిన నేలలో నే యెరువైనను వేరున కెక్కదు. నీటిలో కరగియే లోనికి పోవలెను. కాబట్టి కఱవునకు మందు తడియున్ననాడే వేయవలెను.

తెలంగాణమున 2015లో మొదలైన మిషను కాకతీయలో పూడిక తీసిన మట్టిని రైతులు చేలకు తోలుకొనిరి. మన చెఱువులలోను పూడిక కలదు. తోలువారికొక్క మాట: మట్టినిగాని పెంటనుగాని మ్రాను మొదట కుప్ప పోయకుడు. ఆహారము పీల్చు సన్నవేళ్లు కొమ్మల నీడ యంచున నుండును. అక్కడ చుట్టును జానెడు లోతు పాదు త్రవ్వి, తొలకరి తడికి వేసి, పైన నాకులు కప్పుడు.