స్థిర ఐసోటోపులు – కువైట్ అఖాతపు ఆహారజాలం

నీటిలోని పోషకాలు ఎక్కడ పుట్టి, ఏ జీవి నుంచి ఏ జీవికి చేరుతున్నాయో తెలుసుకోవడానికి కార్బన్, నత్రజని వంటి మూలకాల స్థిర ఐసోటోపుల నిష్పత్తిని కొలుస్తారు. వీటికి రేడియోధార్మికత లేదు. తిన్న తిండిలోని నిష్పత్తి తిన్న జీవి కండలోనూ చాలావరకు నిలిచిపోతుంది. కువైట్‌లో ఈ తరహా పరిశోధనల్లో ముందుగా చెప్పుకోవలసినది 2006లో వెలువడింది. సులైబిఖాత్ అఖాతంలో ఆటు వేళ బయటపడే బురద నేల మీద పీతలు, చేపలు దేన్ని తిని బతుకుతున్నాయన్నది అందులోని ప్రశ్న.

పద్ధతి

ప్రకృతిలోని కార్బన్‌లో సుమారు 98.9 శాతం కార్బన్-12, మిగిలిన 1.1 శాతం కార్బన్-13. నత్రజనిలో బరువైన నైట్రోజన్-15 వాటా 0.37 శాతమే. జీవరసాయన చర్యల్లో తేలిక పరమాణువులు కాస్త త్వరగా పాల్గొంటాయి కనుక ఈ నిష్పత్తులు ఒక్కో జీవిలో ఒక్కో రకంగా ఉంటాయి. తేడా చాలా చిన్నది, అందుకే దాన్ని శాతాల్లో కాకుండా, ఒక ప్రమాణ పదార్థం కంటే వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో అని లెక్కిస్తారు.

పీత కండనో చేప కండనో చిన్న ముక్క తీసి, ఆరబెట్టి, పొడి చేస్తారు. గుల్ల, సున్నం కలిసిన నమూనా అయితే ముందు ఆమ్లం చుక్కలు వేస్తారు. బుడగలు రావడం ఆగితే సున్నంలోని కార్బన్ పోయినట్టే. ఆ పొడిని మిల్లీగ్రాము లెక్కన చిన్న తగరపు గుళికలో మడిచి కాలుస్తారు. వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను, నత్రజనిని మాస్ స్పెక్ట్రోమీటర్ బరువుల వారీగా విడదీసి లెక్కిస్తుంది.

ఆహారపు గొలుసులో ఒక మెట్టు ఎక్కినప్పుడు కార్బన్ విలువ దాదాపు మారదు, మారినా వెయ్యికి ఒకటి లోపే. నత్రజని విలువ మాత్రం మెట్టుకు మూడు నుంచి నాలుగు దాకా పెరుగుతుంది. అందువల్ల తిండి ఎక్కడిదో కార్బన్ చెబుతుంది, జీవి ఏ మెట్టు మీద ఉందో నత్రజని చెబుతుంది.

చరిత్ర

ఈ విద్య మొదట రసాయన శాస్త్రజ్ఞులది, ఆ తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞులది. కార్బన్-13ను, నైట్రోజన్-15ను 1929లో గుర్తించారు. భార హైడ్రోజన్‌ను కనిపెట్టినందుకు 1934లో నోబెల్ అందుకున్న హెరాల్డ్ యూరీ, ఐసోటోపుల విభజనకు వెనకున్న సిద్ధాంతాన్ని 1947లో ప్రచురించాడు. ఆల్ఫ్రెడ్ నీర్ మెరుగుపరచిన మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ సిద్ధాంతాన్ని కొలతల్లోకి తెచ్చింది. కార్బన్ కొలతకు ప్రమాణంగా దక్షిణ కరోలినాలోని పీడీ రాతిపొరల్లో దొరికిన బెలెమ్‌నైట్ శిలాజాన్ని తీసుకున్నారు. నత్రజనికి మామూలు గాలే ప్రమాణం.

సముద్ర జీవుల వైపు ఈ పద్ధతి 1960లలో మళ్లింది. పాట్రిక్ పార్కర్ 1964లో టెక్సాస్ తీరంలోని ఒక అఖాతపు మొక్కల్లో, జంతువుల్లో కార్బన్ ఐసోటోపులను కొలిచాడు. మైఖేల్ డినీరో, శామ్యూల్ ఎప్‌స్టీన్ జంతువులకు తెలిసిన ఆహారమే పెట్టి, తిండికీ ఒంటికీ ఉన్న సంబంధాన్ని 1978లో కార్బన్‌కు, 1981లో నత్రజనికి రుజువు చేశారు. మెట్టుకు సగటున 3.4 చొప్పున నత్రజని విలువ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు మినగావా, వాడా 1984లో చూపారు. ఈ అంకె నేటికీ వాడుకలో ఉంది.

సులైబిఖాత్ బురద

కువైట్ అఖాతం లోతు తక్కువ, సగటున 5 మీటర్లు. పోటు, ఆటుల మధ్య తేడా 4 మీటర్ల దాకా వెళుతుంది. నీరు తీసేసరికి నైరుతి మూలన ఉన్న సులైబిఖాత్‌లో విశాలమైన బురద మైదానం తేలుతుంది. చుట్టూ ఎడారి. నది ఏదీ నేరుగా వచ్చి కలవదు. మడ అడవులు లేవు. అయినా ఆ బురద మీద పీతలు, గెంతే మడ్‌స్కిప్పర్ చేపలు, వాటి కోసం వాలే వలస పక్షులు కనిపిస్తాయి.

వీటన్నిటికీ మేత ఏదో తేల్చడానికి అల్ జైదాన్, హిలరీ కెన్నెడీ, డేవిడ్ జోన్స్, అల్ మొహన్నా కార్బన్-13ను ఆధారంగా తీసుకున్నారు. ఈ పనికి కార్బన్ అనువైనదే. నీటిలో తేలే సూక్ష్మ శైవలాల విలువ సముద్రాల్లో సగటున మైనస్ 22 ఉంటే, అడుగున పెరిగే శైవలాలది మైనస్ 17. బురదను అంటుకున్న పలచని నీటిపొర కదలదు. అందులోకి కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా వస్తుంది కనుక అక్కడి శైవలాలు బరువైన కార్బన్‌ను కూడా ఎక్కువగానే వాడుకుంటాయి. ఆ గుర్తు వాటిని తిన్న జీవుల్లోనూ ఉంటుంది. మెరైన్ ఎకాలజీ ప్రోగ్రెస్ సిరీస్ పత్రికలో 2006లో వచ్చిన ఈ అధ్యయనం, బురద మీద చాపలా పరుచుకునే సయనోబాక్టీరియా, డయాటమ్ అనే సూక్ష్మ శైవలాల పొరలే అక్కడి ఆహారజాలానికి ముఖ్యమైన ఆధారమని తేల్చింది.

మడ్‌స్కిప్పర్ల ప్రవర్తన గురించి అంతకుముందే తెలిసిన సంగతులు దీనితో సరిపోయాయి. బోలియోఫ్తాల్మస్ జాతి చేప తల అటూ ఇటూ ఊపుతూ బురద పైపొరలోని డయాటమ్‌లను గీరి తింటుంది. తన మేత నేల చుట్టూ నోటితో బురద తెచ్చి గట్టు కట్టుకుంటుంది. ఒకదానినొకటి ఆనుకున్న ఈ మడులు ఎక్కువగా అయిదు భుజాలతో ఉంటాయని డేవిడ్ క్లేటన్, సహ పరిశోధకుడు వాన్ 1982లో నమోదు చేశారు. గట్టు లోపల నీరు నిలుస్తుంది, ఆటు వేళ కూడా మేత ఎండిపోదు.

ఇలాంటి పొరలు 1991 గల్ఫ్ యుద్ధ కాలపు చమురు తెట్టు మీద కూడా పెరిగాయి. వాటిలో చమురును తినే బాక్టీరియా ఉన్నాయని కువైట్ విశ్వవిద్యాలయానికి చెందిన సమీర్ రద్వాన్ బృందం 1992లో నేచర్ పత్రికలో వివరించింది.

నత్రజని వైపు

కువైట్ జలాల్లోకి పోషకాలు ముఖ్యంగా రెండు దారుల్లో వస్తాయి. ఉత్తరాన షత్ అల్ అరబ్ నది, 1992లో ఇరాక్ తెరిచిన మూడో నది అనే పొలాల మురుగు కాలువ తెచ్చేవి ఒక దారి. నగరం వదిలే మురుగునీరు రెండోది. 2001 ఆగస్టు, సెప్టెంబరుల్లో కువైట్ అఖాతంలో 2500 టన్నులకు పైగా ముల్లెట్ చేపలు చచ్చి తేలాయి. చంపింది స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా. దానికి తోడు వెచ్చని నీరు, పోషకాలు మితిమీరి చేరడం వంటి కారణాలను పాట్రీషియా గ్లిబర్ట్ బృందం చర్చించింది.

ఏ నత్రజని నదిది, ఏది మురుగుది అన్న చిక్కు విడదీయడంలో నైట్రోజన్-15 పనికొస్తుంది. మురుగులో అమ్మోనియా ఆవిరవుతూ, బాక్టీరియా నైట్రేటును విడగొడుతూ తేలిక నత్రజనిని పంపేస్తాయి. మిగిలినదాంట్లో బరువైనది పేరుకుంటుంది. ఆస్ట్రేలియాలోని మోర్టన్ అఖాతంలో సముద్రపు నాచును నీటిలో వేలాడదీసి, మురుగు ఎంత దూరం పాకిందో ఇదే గుర్తుతో పటం గీశారు. అయితే ఈ పద్ధతికి హద్దులున్నాయి. రెండు మూలాల విలువలు దగ్గరగా ఉంటే అవి కలిసిపోయి కనిపిస్తాయి. అలాంటప్పుడు కార్బన్‌నూ నత్రజనినీ కలిపి చూడాలి, ఏ మూలం వాటా ఎంతో చెప్పే గణిత నమూనాల (మిక్సింగ్ మోడల్స్) లెక్కలూ వేయాలి.

షేక్ జాబర్ అల్ అహ్మద్ వారధి 2019 మేలో తెరుచుకుంది. దాని 12.4 కిలోమీటర్ల దోహా శాఖ సులైబిఖాత్ అఖాతం మీదుగా సాగుతుంది. ఈ తీరంలో ఏ నిర్మాణానికైనా, పూడికకైనా పర్యావరణ నష్టం అంచనా వేసేటప్పుడు బురదను ఖాళీ స్థలంగా రాయడం 2006 తర్వాత శాస్త్రీయంగా చెల్లదు.