లాక్‌డౌన్ కాలంలో నిర్మాణ పనులు – నేపథ్య సమాచారం

హైదరాబాద్: కొవిడ్-19 వ్యాప్తిని అరికట్టేందుకు 2020 మార్చి 25 నుండి దేశవ్యాప్తంగా అమలైన లాక్‌డౌన్ తొలి మినహాయింపుల జాబితాలో నిర్మాణ రంగం లేదు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఏప్రిల్ 15న జారీచేసిన మార్గదర్శకాలు, కంటెయిన్‌మెంట్ ప్రాంతాలు మినహా, ఏప్రిల్ 20 నుండి గ్రామీణ ప్రాంతాలలో రహదారులు, సాగునీటి ప్రాజెక్టులు, భవనాల పనులకు వీలు కల్పించాయి. ఉపాధి హామీలో సాగునీటి, జలసంరక్షణ పనులకు ప్రాధాన్యమిచ్చారు. పట్టణాలలో మాత్రం బయటి నుండి కూలీలను రప్పించరాదని, పనిస్థలంలో అందుబాటులో ఉన్నవారితోనే పనులు కొనసాగించాలని షరతు విధించారు. కీలకమైనది ఈ షరతే. కార్మికులు స్వస్థలాలకు వెళ్లక నిలిచి ఉన్నంత వరకే పని సాగగలదు.

వాహనాల రద్దీ లేకపోవడం ఇంజినీర్లకు కలిసివచ్చిన అంశం. హైదరాబాద్‌లో బయోడైవర్సిటీ కూడలి మొదటి అంచె ఫ్లైఓవర్ మే 21న, ఎల్.బి.నగర్ అండర్‌పాస్ మే 28న ప్రారంభమయ్యాయి.

ఇందుకు భిన్నమైన ఘట్టం సంగారెడ్డి జిల్లా కందిలో చోటుచేసుకున్నది. అక్కడి ఐఐటీ ప్రాంగణ నిర్మాణంలో ఉన్న వలస కార్మికులు తమను ఇళ్లకు పంపాలని కోరుతూ ఏప్రిల్ 29న ఆందోళనకు దిగారు. మే 1 తెల్లవారుజామున దాదాపు 1,200 మంది కార్మికులతో 24 బోగీల రైలు లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరినది. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన తొలి ప్రత్యేక రైలు ఇదే.