ఇనుప పైపును ఇంటి వద్దే ఇరుకు మలుపుకు వంచుకునే పద్ధతి – జాగ్రత్తలు

స్ప్రేయర్ బండి పిడి, పశువుల పాక గేటు, తీగజాతి కూరగాయల పందిరి మూలలు వంటి పనులకు రైతులు పైపులను స్వయంగా వంచుకుంటున్నారు. వెడల్పు వంపులకు పెద్దగా ఇబ్బంది ఉండదు. మలుపు ఇరుకైతే మాత్రం పైపు నలిగి సొట్ట పడుతుంది. తరువాత బరువు పడినప్పుడు ఆ సొట్ట దగ్గరే విరుగుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఈ కింది విషయాలు గమనించండి.

పైపు ఎందుకు నలుగుతుంది?

వంచినప్పుడు వెలుపలి వైపు ఇనుము సాగి పలుచబడుతుంది. లోపలి వైపు ఇనుము కుదించుకుపోయి ముడతలు పడుతుంది. లోపల ఆధారం లేనందున గుండ్రని పైపు కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది. గోడ మందం తక్కువైతే ఈ సమస్య ఎక్కువ. పైపు మీది రంగు పట్టీలను బట్టి మందం తెలుసుకోవచ్చు: పసుపు పట్టీ పలుచనిది, నీలం మధ్యరకం, ఎరుపు మందమైనది. ఇరుకు మలుపులకు నీలం లేదా ఎరుపు పట్టీ పైపు ఎంచుకోవాలి.

ఎంత ఇరుకుగా వంచవచ్చు?

ఇసుక నింపి, కాల్చి వంచేటప్పుడు మలుపు వ్యాసార్ధం పైపు బయటి వ్యాసానికి 3 రెట్లకు తగ్గకుండా చూసుకోండి. అంగుళం పైపు బయటి వ్యాసం సుమారు 33.7 మి.మీ. అంటే వ్యాసార్ధం కనీసం 10 సెం.మీ. ఉండాలి. దీన్ని మలుపు కేంద్రం నుంచి పైపు నడిమి గీత వరకు కొలవాలి. 90 డిగ్రీల మలుపుకు పట్టే పొడవు కావాలంటే వ్యాసార్ధాన్ని 1.57తో గుణించండి. 10 సెం.మీ. వ్యాసార్ధానికి 15.7 సెం.మీ. పడుతుంది. ఈ పొడవుకు రెండు చివర్లా సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఇంతకంటే ఇరుకు మూల కావాలంటే వంచడం మానేసి, రెండు ముక్కలను 45 డిగ్రీలకు కోసి వెల్డింగ్ చేయించడం మేలు. నీటి పైపులకైతే ఎల్బో వాడండి.

వంచే విధానం

• సన్నని ఇసుకను జల్లించి, ఇనుప పెనం మీద తేమ పూర్తిగా పోయేవరకు వేయించి చల్లార్చండి.
• పైపు ఒక చివర చెక్క బిరడా బిగించి నిలబెట్టండి. ఇసుకను కొద్దికొద్దిగా పోస్తూ, పైపును సుత్తితో తడుతూ గట్టిగా నింపండి.
• రెండో చివర బిగించే బిరడాకు సన్నని రంధ్రం పెట్టండి. లోపలి ఆవిరి దాని గుండా పోతుంది.
• పైపు అతుకు మలుపుకు వెలుపల గానీ లోపల గానీ రాకుండా, పక్కకు ఉండేలా పెట్టండి.
• గుర్తు పెట్టిన భాగమంతా అన్ని వైపులా సమానంగా ఎర్రబడేవరకు కాల్చి, గుండ్రని అచ్చు చుట్టూ నెమ్మదిగా వంచండి.
• ఎరుపు తగ్గితే ఆపి మళ్లీ కాల్చండి. నల్లబడినా వేడి తగ్గని దశలో ఇనుము పెళుసుగా ఉంటుంది. అప్పుడు బలవంతం చేస్తే పగులుతుంది.
• నీళ్లు పోయకుండా గాలికే చల్లారనివ్వండి. ఆ తరువాత ఇసుక తీసి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూయండి.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

తడి ఇసుక నింపి, రెండు చివరలూ గట్టిగా మూసి కాల్చడం చాలా ప్రమాదం. లోపలి తేమ ఆవిరై బిరడాను తూటాలా విసురుతుంది. నేను వెళ్లిన ఒక పాకలో బిరడా ఇలాగే ఎగిరి రేకు గోడకు తగిలింది. దాని ఎదురుగా ఎవరూ లేకపోవడం అదృష్టం. కాల్చేటప్పుడు పైపు నోటికి ఎదురుగా నిలబడకండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

రెండవది, జీఐ పైపును కాల్చకండి. దాని జింకు పూత 419 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్దే కరుగుతుంది. ఇంకా వేడెక్కితే తెల్లని పొగ వస్తుంది. ఆ పొగ పీల్చిన కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. చాలామంది దీన్ని మామూలు జ్వరం అనుకుంటారు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ పట్టేసినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లి, పొగ పీల్చిన సంగతి చెప్పండి. కాల్చి వంచాలనుకుంటే పూత లేని నల్ల పైపు కొనండి. జీఐ పైపునైతే కాల్చకుండా, దాని సైజుకు సరిపోయే బెండింగ్ మిషన్‌పై వెడల్పుగానే వంచించండి. చల్లగా వంచిన పైపు వదలగానే కొంత వెనక్కి వస్తుంది కనుక రెండు మూడు డిగ్రీలు అదనంగా వంచాలి.

పురుగుమందులు, డీజిల్ వెళ్లిన పాత పైపులను ఎట్టి పరిస్థితుల్లోనూ మంటకు చూపకండి.

ఏ పనైనా ముందుగా ఒక తుక్కు ముక్క మీద వంచి చూసుకోండి. అది నలిగితే నష్టం తక్కువే. మంచి పైపు మధ్యలో సొట్ట పడితే మొత్తం మార్చుకోవలసి వస్తుంది.